నాలుగో గుండీ

పురుషోత్తంగారి చొక్కాకి మళ్ళీ నాలుగో గుండీ పోయింది.

డాబా మీది తీగ నుంచి ఆరిన బట్టలు తెచ్చిన రాజ్యం, ఆ చొక్కా పట్టుకుని మొగుడి ముందు నిలబడింది.

"ఏవండీ, వాడెవడో గానీ ప్యాంట్ల జోలికి పోడు, నా జాకెట్ల జోలికి రాడు. మీ చొక్కాలకే, అదీ నాలుగో గుండీకే ఎసరు పెడుతున్నాడు!"

పురుషోత్తంగారికి తల కొట్టేసినట్టయింది. పెద్ద ఫ్యాక్టరీలో సెక్యూరిటీ ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషాయె. ఆయన గేటు దగ్గరుంటే గుండుసూది కూడా బయటికి పోయేది కాదని చెప్పుకునేవారు. ఎక్కువగా ఆయనే చెప్పుకునేవారు. అలాంటాయన గుండీలే పోతున్నాయి. అదీ ఎప్పుడు? ఏ.ఎస్. రావు నగర్‌లోని ఆ అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్ష పదవికి ఆయన ఎన్నికల్లో నిలబడ్డ సమయంలో.

పోటీకి దిగిన హరికిషన్ లిఫ్టులో కనబడి మరీ వెక్కిరించాడు. "ఏం సార్, సొంత గుండీలు కాపాడుకోలేనోళ్లు మా బిల్డింగేం కాపాడ్తరు?"

"ఆదివారంలోగా దొంగని పట్టకపోతే పోటీలోంచే తప్పుకుంటాను!" అనేశారు పురుషోత్తంగారు. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయన జాతకంలో లేదు.

అనుమానం ఎవరి మీదో వేరే చెప్పాలా? సరిగ్గా కింది ఫ్లాటులో ఉండే శ్రీలలిత మీద. ఆ అమ్మాయి చేతికి ఏది చిక్కినా నగైపోతుంది. పిస్తా పెంకులతో కమ్మలు, పాడైన జిప్పుతో నెక్లెసు, పిన్నీసులతో గాజులు. సెల్లార్ హాల్లో ఆడవాళ్ళకి క్లాసులు కూడా చెబుతుంది. ఈ మధ్య కాసులపేరు మోస్తరుగా గుండీలపేరు ఒకటి మొదలుపెట్టిందట. ఇంకేం కావాలి!

పురుషోత్తంగారు వల పన్నారు. కొత్త చొక్కా గుండీలన్నిటికీ వెనక రాజ్యం గోళ్ళరంగుతో ఎర్రచుక్కలు పెట్టారు. దొంగకి అనుమానం రాకుండా దాన్ని ఓ పూట వాకింగుకి తొడుక్కుని వెళ్ళొచ్చి, ఉతికించి, తీగ మీద వేయించారు. తను నీళ్ళ ట్యాంకు వెనక నక్కి, మాడు పగిలే ఎండలో రెప్ప వెయ్యకుండా కాపలా కాశారు. కాకి కూడా వాలలేదు. తీరా చొక్కా దించి చూస్తే నాలుగో గుండీ లేదు!

"ఇది మామూలు దొంగ కాదు రాజ్యం," అన్నారు చెమట తుడుచుకుంటూ. కోపం పోయి, ఆయనకి కాస్త భయం పట్టుకుంది.

ఆదివారం హాల్లో శ్రీలలిత నగల ప్రదర్శన. అపార్ట్‌మెంటంతా అక్కడే ఉంది. పురుషోత్తంగారు నేరుగా వెళ్ళి, బల్ల మీది గుండీలపేరు తీసి తిరగేశారు. నట్టనడుమ, పతకం ఉండాల్సిన చోట, ఎర్రచుక్క గుండీ!

"దొరికింది దొంగ!" ఆయన కేకకి అందరూ బల్ల చుట్టూ మూగారు. "మోండా మార్కెట్‌కి వెళ్తే కిలోల లెక్కన దొరుకుతాయే, నా చొక్కాలే కనబడ్డాయా నీకు? ఇవాళ్టి నుంచి ఈ హాల్లో నీ క్లాసులు బంద్!"

రాజ్యం గర్వంగా కొంగు సర్దుకుంది. హరికిషన్ మొహం మాడిపోయింది.

శ్రీలలిత గొంతు తగ్గించింది. "నలుగుట్ల వద్దంకుల్. జెర పక్కకు రాండ్రి, చెప్త."

"పక్కకెందుకు? నా గుండీ నీ దగ్గరికెలా వచ్చిందో ఇక్కడే చెప్పు. అందరూ వినాలి!"

"వాపస్ ఇస్తే మీరు చిన్నబోతరని ఇన్ని దినాలు చెప్పలే గానీ అంకుల్, పొద్దుగాల మీరు పైన బాల్కనీల కూసొని బూట్ల లేసులు కట్టుకోనికి వంగినప్పుడల్లా, మీ బొజ్జ మీది గుండీ టప్పున తెగి మా బాల్కనీలకొచ్చి పడ్తుంది; మొన్నైతే మా అత్తమ్మ కండ్లద్దాలు సుత పలిగినయ్!"