రాకాసిబల్లి పొట్టలో మనిషి

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. సగం విని లేచిపోయేవాళ్ళకి ఈ సంగతి చెప్పను.

బందరులో పిల్లల కోసం డైనోసార్ల నాటకం ఆడుతున్నారు. హాలు గేటు దగ్గర కనకమహాలక్ష్మిని ఆపేశారు. ఆవిడ గిలకలదిండి నుంచి చేపలు తెచ్చి బజారులో అమ్ముతుంది. ఆ రోజు బేరం ముగించుకుని, ఐదేళ్ళ మనవరాలు యశస్వినినీ, మూడేళ్ళ మనవడు అయ్యప్పనీ వెంటబెట్టుకుని తిన్నగా వచ్చేసింది. సంచిలో చేపల కత్తి ఉండిపోయింది.

“కత్తితో లోపలికి రాకూడదు మామ్మగారూ,” అన్నాడు గేటు దగ్గరి దుర్గారావు. “నాటకంలో దీనితో మీకేం పని?”

ఇక్కడ వదిలితే ఎవడు పట్టుకుపోతాడో, రేపు పొద్దున దేనితో కొయ్యను అని ఆవిడ. లోపల డప్పులు మొదలయ్యాయి. నెల రోజులుగా ఈ నాటకం కోసమే కలవరిస్తున్న యశస్వినికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది చూసి దుర్గారావు మెత్తబడ్డాడు. సంచిలోంచి బయటికి తీస్తే మాత్రం ఊరుకోనని చెప్పి పంపాడు. అంతలో లోపల్నుంచి ఎవరో కేకేస్తే, గేటు మూసేసి తనూ వెళ్ళాడు.

ముగ్గురికీ ముందు వరసలో, చాప మీద చోటు దొరికింది. కాసేపటికి పెద్ద డైనోసార్ ఊగుతూ వచ్చింది. అయ్యప్ప అమ్మమ్మ చెంగులో దూరాడు. యశస్విని రెప్ప వెయ్యకుండా చూసి, “అమ్మమ్మా, అది మనిషిని మింగేసింది,” అంది.

చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. పాపం, ఆ పిల్ల రోజూ అమ్మమ్మ పక్కన కూర్చుని చూసేది అదే కదా. పండుగప్ప పొట్ట కోస్తే లోపల చిన్న చేప ఉంటుంది, ఒక్కోసారి ఇంకా కొట్టుకుంటూ. అది ఉత్త వేషమనీ, లోపల మనిషి ఉండి నడిపిస్తాడనీ కనకమహాలక్ష్మి ఎంత చెప్పినా పిల్ల ఒప్పుకోలేదు. దాని మెడ దగ్గర చిన్న వల ఉందని, అందులోంచి మొహం కనబడుతోందని అమ్మమ్మకే చూపించింది.

ఆఖర్న ఆకాశం నుంచి నిప్పురాయి పడింది. డైనోసార్లన్నీ చచ్చిపోవాలి. చిన్నవి ఒక్కొక్కటే ఒరిగాయి, పెద్దది ధబ్బున వెల్లకిలా పడింది. చప్పట్లు మోగాయి. చిన్నవి లేచి దండం పెట్టాయి. పెద్దది లేవలేదు. ఎంత బాగా చేశాడో అనుకుని జనం ఇంకా గట్టిగా కొట్టారు.

“అమ్మమ్మా, లోపలి మనిషి కళ్ళు మూసేశాడు. కోసెయ్యి,” అంది యశస్విని.

కనకమహాలక్ష్మి ఆ వల వంక చూసింది. చెంగు వదలని అయ్యప్పతో సహా స్టేజీ ఎక్కింది, వెనకే యశస్విని. చెయ్యి పెడితే పొయ్యి మీది మూకుడులా కాలిపోతోంది వేషం. నాటకంవాళ్ళు వచ్చి గుంజారు గానీ, జిప్పు బట్టలో ఇరుక్కుని రాలేదు. ఆవిడ సంచిలోంచి కత్తి తీసింది. లోపలి ఒంటికి మొన తగలకుండా, తోక మొదలు నుంచి మెడ దాకా ఒకటే గీత, అచ్చం పండుగప్పని కోసినట్టు.

చెమటతో తడిసి ముద్దయిన మనిషిని బయటికి లాగారు. మొహాన నీళ్ళు కొట్టారు. మజ్జిగ పడితే రెండు గుక్కలు మింగి కళ్ళు తెరిచాడు. అప్పుడు అయ్యప్ప చెంగులోంచి బయటికొచ్చి చప్పట్లు కొట్టాడు. యశస్విని మాత్రం ఆ పొట్టలో తల దూర్చి, ఇంకెవరూ లేరని తేల్చుకున్నాకే స్టేజీ దిగింది.

ఇది గుర్తుపెట్టుకోండి, మీ పిల్లలకీ చెప్పండి. అసలు వేషగాడు రాకపోతే ఆ పూట ఆ వేషంలో దూరింది ఎవరో మాత్రం, నేను దాచినట్టే, చివరిదాకా దాచి చెప్పండి: సంచిలోంచి కత్తి తీస్తే ఊరుకోనన్న దుర్గారావే.