రిజిస్టరులో రెండో వరస

"సదువు రానోడికి రీడింగ్ రూంలో ఏటి పని?" అన్నాడు అటెండరు కొండలరావు.

"ఫ్యాను కింద కాసేపు కూకుంటాను బాబూ" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ముసలాయన.

"అయితే ఏలిముద్దరెయ్యి. లోపలికొచ్చినోళ్ళంతా రిజిస్టరులో ఎక్కాల్సిందే."

లోపల కూర్చున్న జయశీలకి నవ్వొచ్చింది. వన్ టౌన్‌లోని ఆ రీడింగ్ రూంలో రోజూ మొదటి సంతకం ఆమెదే. 1987లో లా ఎంట్రన్స్ రాసి తప్పింది. ఈ ఏడు మళ్ళీ రాస్తోంది.

ముసలాయన దగ్గుకుంటూ వచ్చి ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఆమె కునికితే బల్ల మీద తట్టేవాడు. కిటికీలోంచి బయటికి చూస్తే "సదువమ్మా" అనేవాడు.

మొదట్లో ఆమెకి ఒళ్ళు మండేది. రానురాను ఆ దగ్గు వినపడకపోతే పేజీ ముందుకి కదిలేది కాదు.

"నాకెందుకు తాతా ఇంత కాపలా?"

"నువ్వు లాయరైతే నాకో పనుందమ్మా."

పెందుర్తి వైపు ఏదో భూమి తగాదా కాబోలు అనుకుంది జయశీల.

పరీక్షకి నెల ఉందనగా ఒకరోజు ఆమె పుస్తకం మూసేసింది.

"ఇంక నా వల్ల అవదు తాతా. నిన్న చదివింది ఇవాళ గుర్తుండట్లేదు. గోపాలపట్నంలో టైపిస్టు పనుందంట. ఎల్లిపోతాను."

"మరి లాయరెందుకవ్వాలనుకున్నావు?"

జయశీల పుస్తకంలోంచి మడతలు నలిగిన కాగితం తీసింది. విసుగు పుట్టినప్పుడల్లా అది చూసుకునే ఇన్నాళ్ళూ చదివింది.

"మా నాన్న రత్నరాజు పోర్టులో కళాసీ. ఐదేళ్ళ కిందట స్టీల్ ప్లాంటు సామాను దించుతుంటే వించ్ యంత్రం తాడు తెగి, బరువంతా ఆయన మీద పడిపోయింది. తాడు పాతదని అందరికీ తెలుసు. కాంట్రాక్టరు ఈ సాక్ష్యం పెట్టి మా కేసు కొట్టించేశాడు."

"ఒకపాలి పైకి సదువమ్మా."

"'రత్నరాజు తాగి ఉండెను. వద్దన్నా వినక బరువు కిందికి వచ్చెను.' కింద వించ్ డ్రైవరు కామరాజు వేలిముద్ర. మా నాన్న చర్చిలో సంఘపెద్ద తాతా. జన్మలో చుక్క ముట్టలేదు."

ముసలాయన కాగితం మీదికి వంగి చూశాడు.

"అలాగుందా అందులో?" అన్నాడు.

"అలాగే ఉంది. ఇదిగో, వేలిముద్ర మధ్యలో తెల్లటి గీత. ఎప్పుడో తెగిన మచ్చ. సాక్ష్యమిచ్చాక వాడు మళ్ళీ పోర్టు మొహం చూడలేదు, వాడెలా ఉంటాడో కూడా నాకు తెలీదు. వాణ్ణి బోనెక్కించాలి. వాడొక్కడు నిజం చెబితే చాలు, మా నాన్న మీద ఆ మాట పోద్ది."

"ఎక్కించాలమ్మా" అన్నాడు ముసలాయన. "ఎక్కించాల్సిందే. పుస్తకం తియ్యి."

ఆమె తీసింది. పరీక్ష ముందురోజు దాకా మళ్ళీ మూయలేదు.

ర్యాంకు వచ్చింది. లా కాలేజీలో సీటు వచ్చింది.

ఆ మాట ముందు తాతకే చెప్పాలని జయశీల రీడింగ్ రూంకి వచ్చింది. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది.

"పోయాడమ్మా" అన్నాడు కొండలరావు. "ఊపిరితిత్తులు పాడైపోనాయి. పెద్దాసుపత్రిలో పది రోజులున్నాడు. 'లాయరమ్మ వచ్చిందా, ఒక మాట సెప్పాలి' అని ఒకటే గోల."

"నాకు కబురు చెయ్యాల్సింది."

"నీ ఇల్లెక్కడో నాకేటి తెలుసు? పరీక్షయ్యాక నువ్వు ఇటు రానేదు కదా."

జయశీలకి ఏడుపు ఆగలేదు. ఆరు నెలలు తనకి తోడుగా కూర్చున్న మనిషిని పేరు కూడా అడగలేదు.

"ఆయన పేరేటి?"

"నానూ అడగనేదమ్మా. రోజూ 'తాత' అనే రాసుకున్నాను" అంటూ కొండలరావు రిజిస్టరు తెరిచి ఆమె ముందు పెట్టాడు.

పరీక్ష ముందురోజు దాకా ప్రతి పేజీలోనూ మొదటి వరసలో ఆమె సంతకం ఉంది.

దాని కిందే రెండో వరసలో, ఆరు నెలల పాటు ఒక్కరోజు తప్పకుండా, మధ్యలో తెల్లటి గీతతో, ఆమె పుస్తకంలో దాచుకున్న అదే వేలిముద్ర.