రెండో దెబ్బ

ఆ అడవిలో ఆట ఒక్కటే. రెండు ఇప్పచెట్ల మధ్య తీగ కట్టి, చుట్టూ గీత గీస్తారు. తీగకు అటొకరు, ఇటొకరు నిలబడి ఉసిరికాయను తోకతో కొట్టుకుంటారు. తిప్పి కొట్టలేనివారూ, గీత అవతలికి కొట్టినవారూ ఓడినట్టే.

కొండముచ్చు ఆడుతుందంటే అడవంతా కదిలి వచ్చేది. ఆ తోక ఒక్కసారి విసిరితే కాయ కంటికి ఆనేది కాదు. ఆ ఒక్క దెబ్బతోనే ఆట ముగిసేది. అబ్బ, ఏం దెబ్బ అది!

ఈసారి ఎదురుగా ఉడుత నిలబడింది. అందరూ నవ్వారు.

కొండముచ్చు కొట్టింది. ఉడుత ఎప్పుడు పరిగెత్తిందో ఏమో, కాయ తిరిగొచ్చింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ వచ్చింది. ఏ మూలకు కొట్టినా మెల్లగా, బుద్ధిగా, తీగ మీంచి వస్తూనే ఉంది. కొండముచ్చుకి రొప్పు మొదలైంది. చివరికి కసికొద్దీ ఉన్న బలమంతా పెట్టి విసిరింది. కాయ గీత దాటి పొదల్లో పడింది.

నవ్వినవాళ్ళు నోళ్ళు తెరిచారు. కొండముచ్చు కోపానికి భయపడి ఉడుత గబగబా కొమ్మెక్కింది.

"దిగవే ఉడుతమ్మా," అంది కొండముచ్చు ఆయాసపడుతూనే. "ఇన్నాళ్ళూ నా దెబ్బని ఎవరూ తిరిగి పంపలేదు. అందుకే నాకు రెండో దెబ్బ కొట్టడం అలవడలేదు. రేపు పొద్దున్నే వచ్చి నన్ను పరిగెత్తించు."

"వస్తా మామా," అంది ఉడుత దిగుతూ. "నాకు మాత్రం నువ్వు మొదటి దెబ్బ నేర్పాలి."