ఆపుకోవద్దు

తాళి కట్టే వేళకు పెళ్లికూతురి చేతిపట్టీ మోగింది. మూత్రంలో చేరే క్రిములకు ఏ మందూ పనిచేయని కాలమది. మూత్రసంచి నిండిందని పట్టీ మోగితే ఎంతటివారైనా మరుగుదొడ్డికి లేచి వెళ్లాల్సిందే.

"ముహూర్తం దాటిపోతుందండీ," అన్నాడు పురోహితుడు.

"కాసేపు ఆపుకోవమ్మా!" అంది పెళ్లికొడుకు తల్లి. బూతు విన్నట్టు పందిరంతా ఉలిక్కిపడింది.

పెళ్లికూతురి తండ్రి పరాంకుశంగారికి భార్య గుర్తొచ్చింది. పాఠాలు చెప్పే బడిలో మరుగుదొడ్డి లేక ఏళ్ల తరబడి ఆపుకుని, చివరికి ఏ మాత్రకూ లొంగని జ్వరంతో పోయిందామె.

"మా పిల్ల ఆపుకోదు చెల్లెమ్మా," అన్నాడాయన మెల్లగా. "కావాలంటే ముహూర్తాన్నే ఆపుకుందాం."

పురోహితుడు తాళిని మళ్లీ కొబ్బరికాయ మీద పెట్టాడు. అంతలో వియ్యపురాలి పట్టీ కూడా మోగింది. ఆవిడ తలవంచుకుంది.

"రండత్తయ్యా," అంటూ పిల్ల చెయ్యందించింది.

భజంత్రీలు గట్టిమేళం అందుకున్నారు. అక్షింతల వానలో అత్తాకోడళ్లిద్దరూ మరుగుదొడ్డికి బయల్దేరారు.