ప్రయోగశాలలో మడి

“అవ్వా, ఆడ్నే ఆగు! లోపలికి రావద్దు, దేన్నీ ముట్టుకోవద్దు!”

పులివెందులలోని ఆ ప్రయోగశాల గడప మీద కామాక్షమ్మ ఉన్నచోటనే నిలిచిపోయింది. మనవరాలు తనను అడ్డగించడం ఆమెకు కొత్త.

“ఏందే భార్గవీ, నాకే మడి నేర్పుతాండావా? నువ్వు చేసే పనేందో కండ్లారా చూసి రమ్మన్నాడు మీ నాయన. నాకు నచ్చలేదంటే ఈ పొద్దే మూటాముల్లె సర్దుకోని నాతో పొద్దుటూరికి రావాల. తెలిసిందా?”

ముట్టయిన కోడలి నీడ వంటింటి గుమ్మం మీద పడినా గిన్నెలన్నీ మళ్లీ తోమించే మనిషి అవ్వ. ఇటువంటి ఆమెకు తన పరిశోధన దేనిమీదనో ఏ నోటితో చెప్పడం?

కామాక్షమ్మ గడప ఇవతల నుంచే అంతా పరకాయించి చూసింది. మనవరాలు మోచేతుల దాకా చేతులు కడుక్కొని, వేరే అంగీ తొడుక్కొని, ముక్కూ నోరూ మూసుకుంది. తొడుగులు వేసుకున్న చేతుల మీద స్పిరిట్ చల్లుకుంది. తోటి పరిశోధకురాలు ఇరమ్ పలకరించినా బదులు పలకలేదు. ముసలమ్మ ముఖం విప్పారింది.

“భేష్! మన ఇంట్లో నేను గాక ఇంత మడి ఎవురూ కట్టల్యా. ఇంతకీ ఆ సీసాలో ఎర్రగా ఏంది?”

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. భార్గవి దానిని మింగేసింది.

“ముట్టు నెత్తురవ్వా. జమ్మలమడుగులో ఒకామె ముట్టప్పుడు లోపల పెట్టుకునే కప్పులో పట్టి, తనంతట తానే ఇచ్చింది.”

కామాక్షమ్మ రెప్ప వేయలేదు. “దాంతో నీకేం పని?”

“గర్భసంచి లోపలి పొర నెలనెలా ఊడి, మళ్లా మొలుస్తాది గదా. దాంతోపాటు కొన్ని మూలకణాలు బయటికొస్తాయి. నెత్తుర్ని మిషన్లో గిర్రున తిప్పి, వాటిని వేరు చేసి, పళ్లెంలో పోస్తాం. అడుక్కి అతుక్కున్నవి పెరుగుతాయి. ఆ తెర మీద పెద్దగా కనపడతాండాయి, చూడు.”

ముసలమ్మ మెడ సాచింది. “మైలవరం డ్యాము నీళ్లల్లో చేపపిల్లల మాదిరి ఉండాయే! ఇన్నేండ్లూ మేము గుంతలో పారబోసిన దాంట్లోనా ఇవి?”

“దాంట్లోనే అవ్వా. వీటినుంచి ఎముక గానీ, కీళ్ల మధ్య గుజ్జు గానీ పుడతాదేమోనని చూస్తాండాం.”

“నా మోకాలికి పనికొస్తాదా?”

“ఇంకా తెలీదు. తెలుసుకునేదానికే ఈ తంటా అంతా.”

“ప్రాణముందా వాటికి?”

“ఎందుకు లేదూ? శానా సున్నితం. మురికి చెయ్యి తగిలినా చస్తాయి.”

కామాక్షమ్మ ఉలిక్కిపడింది. చీర కుచ్చిళ్లు దగ్గరికి తీసుకొని, గబగబా వెనుకకు నడిచి, వరండా చివరకు పోయి నిలబడింది. భార్గవి చేతి తొడుగులు ఊడదీయసాగింది.

“సర్దుకోని వస్తానులే అవ్వా. నీకు అంత అసహ్యమైతే...”

“అసహ్యమేందే పిచ్చిదానా! బస్సులో అందర్నీ రాసుకోని వచ్చినదాన్ని. నా మైల తగిలి అవి చస్తే, ఆ పాపం ఎవురికి?”