మహారాజు బొటనవేలు

మరబొమ్మనే మహారాజుగా నిలబెట్టుకున్న ఆ రోజుల్లో చట్టం చేసేది సభ, వేలిముద్ర వేసేది రాజు. రోజూ ఆ బొమ్మను తుడిచి, కీళ్లకు నూనె వేయడం గవరమ్మ పని. రాజుగారి మెడ కిందికీ పైకీ మాత్రమే ఆడేది. అడ్డంగా ఊపే మర దండగ ఖర్చని సభ ఎప్పుడో పీకించేసింది.

ఆవేళ ముద్రకు వచ్చింది గవరమ్మవాళ్ల పేటను ఖాళీ చేయించే చట్టం. అందుకే ఆమె కావాలనే బొటనవేలికి నూనె వేయలేదు.

"ఇది అన్యాయమని మా హెచ్చరిక," అన్నాడు రాజు. హెచ్చరించే హక్కు ఒక్కటే ఆయనకు మిగిలింది.

"చిత్తం ప్రభూ," అన్నాడు ప్రధాని ఆవలిస్తూ.

వేలు బిగుసుకుపోయి కదల్లేదు. గవరమ్మ ఊపిరి బిగబట్టింది. ప్రధాని ఆ చేతిని గరిటెలా పట్టుకుని కాగితం మీద అద్దేశాడు.

"మా పూర్ణ సమ్మతితో," అంది రాజు నోరు, ఎప్పటిలాగే. సభంతా జేజేలు కొట్టింది.

"నూనె వెయ్యలేదేం? రాజుగారి మర్యాద ఏం కావాలి?" అని కసిరాడు ప్రధాని.

"ఛీ, మర్యాదంట!" గవరమ్మ నూనెడబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఆ చెయ్యి ఆడించేది మీరే కదా బాబూ, నూనె కూడా మీరే ఏసుకోండి."