మంగళవారం మూడింటి ఆట

వగీహ్ చెమట తుడుచుకోవడానికి జేబులోంచి రుమాలు లాగాడు. దానితో పాటు రెండు సినిమా టిక్కెట్ల ముక్కలు జారి, హాజీ ముతవల్లి టీ గ్లాసు పక్కన పడ్డాయి.

అంతవరకూ మాటలు సాఫీగానే సాగుతున్నాయి. ఈ వేసవిలో కైరో నుంచి మన్సూరాకు వచ్చే పెద్ద సినిమాల సంగతి కాబోయే అల్లుడు వరసగా చెబుతున్నాడు. ఓడలో నగలు పోయే సినిమా ఆడుతోంది, బాగానే ఉన్నట్టుంది గాని తను సగమే చూశాడు. ఎడారి యుద్ధం సినిమా నిండా తుపాకుల మోతే. వచ్చే నెల రాబోయేదాంట్లో డాన్సులు ఎక్కువట, ఆడపిల్లలకు వద్దు. బక్రీదుకు విడుదలయ్యే ముగ్గురన్నదమ్ముల కథ ఒక్కటే ఇంటిల్లిపాదీ చూడదగ్గది. దానికి నజ్లాను పంపమని, మధ్యలో మీవాళ్లెవరినైనా కూర్చోబెట్టమని బతిమాలుతున్నాడు. హజ్ చేసి వచ్చాక సినిమా మాట ఇంట్లోకి రానివ్వని ముతవల్లి కూడా, తల్లి లేని పిల్ల ముచ్చట కదా అని మెత్తబడుతున్నాడు.

ఇప్పుడు కళ్లజోడు సవరించుకుని టిక్కెట్లు చదివాడు. మొన్న మంగళవారం. మధ్యాహ్నం మూడింటి ఆట. చివరి వరస, పక్కపక్క సీట్లు.

"ఎవరితో వెళ్లావు?"

"తెలిసినవాళ్లతో, మావయ్యా."

"తెలిసినవాళ్లకు పేరుండదా?"

"ఉంటుంది. చెప్పనని మాటిచ్చాను."

గోడ వారగా కూర్చున్న ముతవల్లి తల్లి తఫీదా చేతిలో జపమాల ఆగింది. ముతవల్లి కూతురి వైపు తిరిగి, మంగళవారం నువ్వెక్కడున్నావని అడిగాడు. నానమ్మను ఖురాను పాఠానికి మసీదు గుమ్మం దాకా దింపి, ఇంటికొచ్చి బట్టలుతికానని నజ్లా తల దించుకుని చెప్పింది. అది నిజమే. డాబా మీద ఆరేసిన తన జుబ్బాలు ఆ సాయంత్రం అతనే తీసుకొచ్చాడు. అంటే సినిమాకు వెళ్లింది ఇంకొకతె.

వగీహ్ ఆ ముక్కల్ని చింపి పారేయలేదు. నలక్కుండా చూసుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ముతవల్లికి అది మరీ అనుమానంగా తోచింది.

"పిల్లాడు మంచివాడురా, తొందరపడకు" అంది తఫీదా.

"నువ్వూరుకోమ్మా. ఈ కాలం కుర్రాళ్ల వేషాలు నీకేం తెలుసు?"

ఆమె టీ గ్లాసు కోసం బల్ల మీద చెయ్యి తడుముతుంటే నజ్లా తీసి అందించింది.

మర్నాడు ముతవల్లి సినిమా హాలుకు బయలుదేరాడు. దారి పొడవునా మనసు పీకుతూనే ఉంది. ఒకరి గుట్టు ఆరా తీయవద్దని దైవగ్రంథంలో ఉంది. పిల్లనిచ్చేవాడు ఆరా తీయడం కూడా ఆ కిందికే వస్తుందా? ఇమామును అడుగుదామనుకుని, వద్దంటాడేమోనని అడగలేదు.

చీకట్లో టార్చి పట్టి సీట్లు చూపించే ముసలి షహాత్ గుమ్మంలోనే దొరికాడు. చివరి వరస జంట అనగానే గుర్తుపట్టాడు. నాలుగు వారాలుగా వస్తున్నారని చెప్పాడు.

"ఆవిడ ఎలా ఉంటుంది?"

"ఎలా ఉంటుందని చెప్పను హాజీ? నెత్తి నుంచి కాళ్ల దాకా నలుపు, ముఖం మీద ముసుగు. అతనే చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కిస్తాడు. ఆటంతా చెవిలో గుసగుసలే. పుచ్చగింజలు ఒలిచి ఆవిడ అరచేతిలో పోస్తుంటాడు. ముప్పయ్యేళ్లుగా ఈ టార్చి పట్టుకు తిరుగుతున్నా, ఇంత ప్రేమ నేనెక్కడా చూళ్లేదు."

"మళ్లీ వస్తారా?"

"రాకేం? మొన్న సగంలో కరెంటు పోయింది. పాత టిక్కెట్లు పట్టుకుని ఈ మంగళవారం రమ్మన్నాం."

గుసగుసల దాకా ఓర్చుకున్నాడు గాని, ఒలిచిన గింజల దగ్గర ముతవల్లికి ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి, నిశ్చితార్థంలో వగీహ్ పెట్టిన గాజుల జతను బీరువాలోంచి తీసి పెట్టెలో సర్దాడు. సంబంధం తెంచుకునేది ఆడపిల్లవాళ్లయితే బంగారం తిరిగి ఇచ్చేయాలి. నజ్లా దగ్గరికొచ్చింది.

"ఒక్కసారి నన్నడగనివ్వండి నాన్నా."

"నేనడిగితేనే చెప్పలేదు."

ఆమె కుడిచేతి ఉంగరం తీసి, తనే ఆ పెట్టెలో పెట్టింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది ముతవల్లికి.

మంగళవారం తల్లి పాఠానికి వెళ్లాక, ఆమె తిరిగొచ్చేలోపు ఈ పని ముగించేయాలని పెట్టె చంకలో పెట్టుకుని వెళ్లాడు. ఆట మొదలై అరగంట దాటింది. షహాత్ టార్చి వెలుగు వెంట చివరి వరస దాకా నడిచాడు. ముసుగు మనిషి పక్కనే ఉంది. వగీహ్ ఆమె చెవి దగ్గరికి వంగి ఉన్నాడు.

"తలుపు మెల్లగా తెరుచుకుంటోంది. లోపల ఎవరో ఉన్నారు. నీడ కనిపిస్తోంది, ముఖం కనిపించట్లేదు."

ఎదురుగా తెర మీద ఉన్నదాన్నే మళ్లీ చెవిలో చెప్పడమెందుకో ముతవల్లికి అర్థం కాలేదు. ఆలోచించే ఓపికా లేదు. పెట్టె వగీహ్ ఒళ్లో పడేశాడు.

"తీసుకో నీ బంగారం. లే, బయటికి నడు."

వగీహ్ తడబడుతూ లేచాడు. ముసుగు మనిషి కదల్లేదు. గింజలు కింద పడకుండా గుప్పెట మూసుకుని, గొంతు వినిపించిన వైపు ముఖం తిప్పింది.

"అరవకు ముతవల్లీ, వచ్చి నా పక్కన కూర్చో. ఓడలో ఆ నగలు తీసిందెవరో తెలియక మీ అమ్మకు వారం రోజులుగా నిద్ర లేదు."